పదకొండు అగ్నిపర్వతాలు

ఆ శనివారం పొద్దున శ్రీలేఖ వేసుకున్న ప్రణాళికలో పొరపాటుకు చోటే లేదు. ఎనిమిదింటికి ఇబ్రహీంపట్నం బస్ డిపో ఎదురుగా తను పనిచేసే కంటి దవాఖాన తాళం తీయాలి. ఎనిమిదిన్నరలోపు ఆ రోజు ఆకాశం ఫొటో యోబు సారుకి పంపాలి. పదింటి దాకా వచ్చిన పేషెంట్లను చూసి, డాక్టరుగారి కారెక్కి మంచాల బడికి వెళ్ళాలి. అక్కడ సైన్సు ప్రదర్శన. దానితోపాటే పిల్లలకు ఉచిత కంటి పరీక్షలు.

ఈ ఆకాశం గొడవ శ్రీలేఖకు రెండేళ్ళ కిందట పట్టుకుంది. తండ్రి సాగర్ రోడ్డు మీద ప్లాటు కొని, తెనాలి నుంచి కుటుంబాన్నంతా లారీలో తెచ్చి దింపిన ఏడాది అది. రోజుకొక అంతరిక్ష చిత్రం పెట్టే సైటు ఒకటుందని ఎవరో చెబితే, ఏమీ తోచక తెరిచి చూసింది. అంతవరకు ఆమెకు ఆకాశంలో తెలిసినవి రెండే. ఒకటి చంద్రుడు. రెండోది పెళ్ళిలో అందరూ కనిపించిందని చెప్పే అరుంధతి. మొదటి రోజు శనిగ్రహం వలయాలు చూసి ఇంట్లోవాళ్ళందరినీ నిద్ర లేపింది. ఆర్నెల్లకు గురుగ్రహం చందమామల పేర్లు వంకాయలు బేరమాడుతూ కూడా వల్లించగలిగే స్థితికి వచ్చింది. ఏడాదికి ‘రోజుకో ఆకాశం’ అని వాట్సాప్ గ్రూపు పెట్టింది. పొద్దున బొమ్మ, కింద పొడుపుకథలాగా నాలుగు మాటలు. అదేమిటో జవాబు మాత్రం సాయంత్రం ఐదింటికే. నూట నలభై ముగ్గురు సభ్యులు పగలంతా తలలు బద్దలుకొట్టుకునేవారు.

అందరిలోకీ ఎక్కువ కొట్టుకునేది మంచాల ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే యోబు సారు. ఆ శనివారం ప్రదర్శనకు ఆరడుగుల అంగారకుణ్ణి ఫ్లెక్సీ కొట్టించి బడి వరండాలో నిలబెడతానని ఆయన పట్టుబట్టారు. ఆహ్వానపత్రంలో ‘గ్రహం గురించి సందేహాలకు శ్రీలేఖ మేడం’ అని ఆమె దవాఖాన ఫోన్ నంబరు కూడా వేయించారు.

ఎనిమిదీ పదికి దవాఖాన ముందు ఆటో ఆగింది. దిగినవాడు మంచాల ఎల్లస్వామి. పదహారేళ్ళుగా జేసీబీ నడుపుతున్నాడు. సాగర్ రోడ్డుకు అటూ ఇటూ పొలాలన్నీ రంగుల జెండాలు కట్టుకుని ప్లాట్లుగా మారిపోతున్న రోజులవి. తుక్కుగూడ నుంచి మాల్ ఊరి దాకా ఎల్లస్వామి చదును చేయని వెంచరు లేదు. అతని వెనకే భార్య శ్యామలమ్మ దిగింది.

“మేడం, నా లైసెన్సు సోమవారంతోటి అయిపోతది. కండ్లు మంచిగున్నయని డాక్టర్ సంతకం గావాలె. లేకుంటె మేస్త్రి నా బండి ఇంకొకనికి ఇస్తనంటున్నడు” అన్నాడు ఎల్లస్వామి.

“దానికేముందండీ, కూర్చోండి” అంది శ్రీలేఖ.

గోడ మీద అక్షరాలన్నీ ఎల్లస్వామి గడగడా చదివాడు. ఆఖరి వరుస కింద అతి చిన్నగా ఉన్న బోర్డు తయారుచేసిన కంపెనీ పేరు కూడా చదివాడు. దవాఖానకు కొత్త కెమెరా వచ్చింది. చుక్కలు వేయకుండానే కంటి లోపలి పొర రెటీనాను ఫొటో తీస్తుంది. ఆ నెలంతా ఉచితం. శ్రీలేఖ అతని కుడికన్ను ఫొటో తీసింది.

“డాక్టరుగారు ఇవాళ పదకొండింటికి మీ ఊరి బడికే వస్తున్నారండీ. ఈ కాగితాలు తీసుకుని అక్కడికొచ్చేయండి, సంతకం పెట్టేస్తారు.”

కంప్యూటరు తెర మీద ఇప్పుడు రెండు పేజీలున్నాయి. ఒకదానిలో నల్లటి చీకటి మీద గుండ్రంగా, ఎర్రగా, అక్కడక్కడా మచ్చలతో అంగారకుడు. కింద శ్రీలేఖ రాసిన పొడుపు మాటలు. రెండోదానిలో నల్లటి చీకటి మీద గుండ్రంగా, ఎర్రగా, అక్కడక్కడా మచ్చలతో ఎల్లస్వామి కుడికన్ను. కింద డాక్టరు రాయాల్సిన ఖాళీ గీతలు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

“మేడం, యోబును. ఫ్లెక్సీ షాపుల కూసున్న. ఎనిమిదిన్నరకు కరెంటు పోతదట. జర జల్ది పంపుండ్రి!”

“మేడం, ఎనిమిదిన్నరకు బస్సున్నది” అన్నాడు ఎల్లస్వామి.

శ్రీలేఖ ఒక పేజీలోని బొమ్మను యోబు సారుకి పంపింది, ఇంకొక పేజీని ప్రింటరుకి పంపింది. ఏది ఎటు పోయిందో చూసుకునే తీరిక లేదు. ప్రింటరులోంచి కాగితం బోర్లా వచ్చింది. అలాగే మడిచి, సర్టిఫికెట్ ఫారంతో కలిపి కవర్లో పెట్టి శ్యామలమ్మ చేతికిచ్చింది.

నిమిషంలో యోబు సారు మళ్ళీ ఫోన్ చేశారు.

“మేడం! నదులు! నదుల జాడలు గింత సాఫ్‌గ ఎన్నడు చూడలే! ఎప్పుడు తీసిండ్రు గీ ఫొటో?”

“చాలా తాజాదండీ!” అంది శ్రీలేఖ ఉప్పొంగిపోతూ.

అది మాత్రం నిజమే. తీసి పావుగంట కూడా కాలేదు.

మంచాల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక శ్యామలమ్మ కవరు తెరిచింది. ఆమె మహిళా సంఘం లెక్కలు రాసే మనిషి. చేతికొచ్చిన ఏ కాగితాన్నీ చదవకుండా వదలదు. బొమ్మ చూసి, కింద అక్షరాలు చదివి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఏమైందే?” అన్నాడు ఎల్లస్వామి.

“ఏం గాలే.”

“ఏం గాకుంటె ఎందుకేడుస్తున్నవ్?”

ముందు సీటులో ఉన్న నారయ్య వెనక్కి తిరిగాడు. నారయ్యకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ తర్వాత మంచాల మండలంలో కళ్ళ విషయంలో ఆయన మాటే ఆఖరు. “ఇటు సదువు బిడ్డా, నేను చెప్త” అన్నాడు.

శ్యామలమ్మ గొంతు సవరించుకుని చదివింది. “‘ఎర్రగా కనిపించేదంతా తుప్పే.’”

“తుప్పా?” అన్నాడు నారయ్య. “అవ్, ఇనుప బండ్ల మీద కూసుంటె పట్టదా మరి.”

“‘ఒకప్పుడు ఇక్కడ నీళ్ళు పారేవి. ఇప్పుడు పూర్తిగా ఎండిపోయింది. కొన్నేళ్ళకోసారి దుమ్ము లేచిందంటే నెలల తరబడి ఏమీ కనిపించదు.’”

కండక్టరు మహేశ్వరి టికెట్లు కొట్టడం ఆపి దగ్గరకొచ్చింది.

“‘చుట్టూ రెండు చిన్న రాళ్ళు తిరుగుతుంటాయి.’”

“రాళ్ళు కిడ్నీల గద ఉంటయి?” అంది మహేశ్వరి.

“ముదిరితె పైకెక్కుతయి” అన్నాడు నారయ్య తడుముకోకుండా.

“‘ఇంతవరకు జీవం ఉన్నట్టు ఆధారాలు దొరకలేదు.’” శ్యామలమ్మ కాగితం మహేశ్వరి చేతికిచ్చి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆఖరి వాక్యం మహేశ్వరి అందుకుని చదివింది. “‘ఇదేమిటో చెప్పుకోండి చూద్దాం. సాయంత్రం ఐదింటికి చెబుతాను.’”

“అగో!” అన్నాడు నారయ్య. “దవాఖానోళ్ళకే సమజైతలేదు. పెద్ద డాక్టర్ను అడిగి పొద్దుమీకి చెప్తరట.”

ఎల్లస్వామి కాగితం లాక్కుని చూశాడు. వెలుతురుకి పట్టి చూశాడు. తిప్పి చూశాడు. అతని ముఖంలో దిగులు కనిపించలేదు. పని మీద ఉన్న మనిషి శ్రద్ధ కనిపించింది.

“ఏయ్, గిది కన్ను గాదే! మొరం భూమి. ఇగో చూడు, గీడికెల్లి గీడిదాంక లోతుగ తెగింది. అంచులు కూలినయ్. దుమ్ము ఒక్క దిక్కే కొట్టుకపోయి కుప్ప వడ్డది. భూమే గిది.”

బస్సంతా అతన్ని జాలిగా చూసింది.

“తన కన్నే తనకు భూమి లెక్క కనవడుతున్నదట” అన్నాడు నారయ్య పక్కవాడితో, మెల్లగా చెబుతున్నాననుకుని. “గంత దూరం వోయింది.”

శ్యామలమ్మ కవరు మీద దవాఖాన నంబరు చూసి ఫోన్ కలిపింది. ఆ నంబరే యోబు సారు ఆహ్వానపత్రంలోనూ వేయించారు. పొద్దుటి నుంచి మంచాల తల్లులు ముగ్గురు అంగారకుడి గురించి ఫోన్ చేసి ఉన్నారు. నాలుగో తల్లి అనుకుంది శ్రీలేఖ.

“మేడం, ఎండిపోయిందని రాసిండ్రు గద. మళ్ల నీళ్ళు రావా?”

“చదివారా! ఎంత సంతోషమండీ!” అంది శ్రీలేఖ. “రావండీ. ఎప్పుడో పోయాయి. కానీ ఒకప్పుడు ఎంత పారాయో తెలుసా? తలుచుకుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది!”

శ్యామలమ్మ ఫోన్‌ను ఒకసారి చెవి నుంచి తీసి చూసి, మళ్ళీ పెట్టుకుంది. “జీవం అసలుకే లేదా మేడం?”

“పైపైన అయితే లేనట్టేనండీ. లోపలికి మిషన్లు దింపి, తవ్వి చూస్తేగానీ తెలీదు.”

“తవ్వుతరా! యాడ మేడం, హైద్రాబాద్ల తవ్వుతరా?”

“హైదరాబాదా!” శ్రీలేఖ పకపకా నవ్వింది. “అమెరికా వాళ్ళకే ఇంకా పూర్తిగా చేతకావట్లేదండీ! మీ పిల్లలు పెద్దయ్యేసరికి ఏమైనా తెలుస్తుందేమో. మీరు అసలు దిగులుపడకండి, ఇదంతా మహాద్భుతం!”

శ్యామలమ్మ ఫోన్ పెట్టేసి భర్త భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత, “అమెరికా దవాఖాన్లు గూడ చేతులెత్తేసినయట. ఆ పిల్ల నవ్వుకుంట చెప్తున్నది” అంది.

మహేశ్వరి ఆ ఇద్దరి టికెట్ల మీద రాసిన చిల్లర అడక్కుండానే ఇచ్చేసింది. దారిలో టైరు పంక్చరై బస్సు గంటన్నర ఆగినా, రెండు స్టేజీల ముందే తన ఊరు వచ్చినా నారయ్య దిగలేదు. ఇంత జరుగుతుంటే ఎలా దిగుతాడు? బడి దగ్గర దిగేసరికి ఎల్లస్వామి వెంట పదిహేను మంది ఉన్నారు. ఇద్దరు అతన్ని చెరో రెక్కా పట్టుకుని నడిపిస్తున్నారు.

“ఇడువుండ్రి, నాకు కనవడుతున్నది!” అన్నాడు ఎల్లస్వామి.

“అట్లనే అనిపిస్తది” అన్నాడు నారయ్య.

బడి వరండాలో ఆరడుగుల ఫ్లెక్సీ పొద్దుటి ఎండలో ధగధగా మెరుస్తోంది. యోబు సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో కర్రతో దాని పక్కన నిలబడ్డారు. ఎదురుగా కుర్చీలో మండల విద్యాధికారి పరమేశ్వర్. చుట్టూ మూడు వందల మంది పిల్లలు.

“గీ కొమ్మలు కొమ్మలుగ ఉన్నయన్ని ఎండిపోయిన నదులు సార్. గీ పక్కన తెల్లగ గుండ్రంగ ఉన్నది మంచు. ఇగ గీ ఎర్ర చుక్కలు అగ్నిపర్వతాలు. మా పిల్లలే లెక్కవెట్టిండ్రు. పదకొండు!”

ఏడో తరగతి పిల్లలు స్టూలెక్కి ప్రతి చుక్క పక్కనా చీటీ అంటించారు. అగ్నిపర్వతాలకు వాళ్ళ పేర్లే పెట్టుకున్నారు. అన్నిటికంటే పెద్దది చిన్ని అనే అమ్మాయిది. ఆ పిల్ల దాని ముందు నుంచి కదలడం లేదు. పరమేశ్వర్ ముచ్చటపడి, “ఫస్ట్ ప్రైజ్ దీనికే” అని అప్పటికప్పుడే ప్రకటించేశారు. పిల్లల చప్పట్లకు పావురాలు లేచిపోయాయి.

ఆ చప్పట్ల మధ్యలోంచి శ్యామలమ్మ ముందుకొచ్చింది. “సారూ, మా ఆయన కన్ను సచ్చిపోయిందట. జర ఈ కాయితం సదివి చెప్పుండ్రి.”

యోబు సారు కర్ర కింద పెట్టారు. కానీ ఎల్లస్వామి ఆయన దగ్గర ఆగలేదు. పట్టుకున్నవాళ్ళను విదిలించుకుని నేరుగా ఫ్లెక్సీ ముందుకెళ్ళి నిలబడ్డాడు. దాన్ని పైనుంచి కిందికి చూశాడు.

“సారూ, గిది ఏంది?”

“అంగారకుడు. ఇంకో భూమి అనుకో” అన్నారు యోబు సారు మెత్తగా.

“భూమి గాదు సార్. పదహారేండ్లసంది మట్టి తోడుతున్న. నీళ్ళు పారితె అంచు కోసుకపోతది, పక్కన ఇసుక మేట వేస్తది. గీడ అంచేది? మేటేది? గివి నరాలు సార్. గిది మాంసం.” అని తన చేతిలోని కాగితం ఎత్తి చూపించాడు. “భూమి అంటె గిది!”

అందరికీ భూమి కనిపిస్తున్న చోట మాంసం, తన కంటి ఫొటోలో భూమి చూస్తున్న మనిషి కేసి చూస్తూ పరమేశ్వర్ కుర్చీలోంచి లేచి, “పాపం, ఈయన్ని కూర్చోబెట్టండి” అన్నారు. నారయ్య, “బస్సుల కెల్లి గిదే వరుస” అన్నాడు. శ్యామలమ్మ ఫ్లెక్సీ కర్ర పట్టుకుని ఏడ్చింది.

అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది. డాక్టర్ విద్యాసాగర్ దిగారు, వెనకాలే పరీక్షల పెట్టె మోసుకుంటూ శ్రీలేఖ. డాక్టరుగారు వరండా చూసి ఆనందంతో ఆగిపోయారు.

“శ్రీలేఖా! మన క్యాంపు కోసం ఇంత పెద్ద రెటీనా బొమ్మ కొట్టించావా! చెప్పనేలేదే!”

శ్రీలేఖ చేతిలో పెట్టె జారి మెట్ల మీద పడింది.

డాక్టరుగారు నవ్వుతూ దగ్గరకొచ్చారు. రెండడుగుల దూరంలో నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఒక్కో చీటీ దగ్గరా వంగి చూశారు.

“ఈ కన్ను ఎవరిది?”

“కన్ను గాదు సార్, అంగారకుడు” అంది చిన్ని. “ఇవి అగ్నిపర్వతాలు. ఇది నాది.”

“అగ్నిపర్వతాలు కావమ్మా. రక్తం చిమ్మిన చుక్కలు. షుగరు ముదిరి కంటి లోపల నరాలు కారుతున్నాయి.” ఆయన గొంతు పెంచారు. “ఎవరిదీ కన్ను? ఆ మనిషి నాకు ఇప్పుడే కావాలి.”

శ్రీలేఖ చుట్టూ చూసింది. గుంపులో ఎల్లస్వామి, అతని చేతిలో కాగితం, కాగితంలో అంగారకుడు. ఆమెకు అంతా ఒక్కసారే అర్థమైంది. వెళ్ళి ఎల్లస్వామి చెయ్యి పట్టుకుంది. “వీరిదండీ. రెండూ తారుమారు చేశాను. స్కూలుకి వీరి కన్ను వెళ్ళింది, వీరికి అంగారకుడు వెళ్ళాడు.”

యోబు సారు నెమ్మదిగా వరండా మెట్టు మీద కూర్చున్నారు. అరగంటగా తను ఎవరి కన్ను గురించి ఉపన్యాసమిస్తున్నారో ఆయనకప్పుడే తెలిసింది.

“నేను జెప్పలే?” అన్నాడు ఎల్లస్వామి పదిహేను మంది కేసి తిరిగి. “నేను జెప్పలే భూమని!” మరుక్షణం ఇంకో సంగతి తట్టింది. “ఆగుండ్రి. నాకు షుగరేంది సార్? నాకు చూపు మంచిగున్నది. బోర్డంత సదివిన.”

“అదే దీనితో చిక్కు. చూపు చివరిదాకా బాగానే ఉంటుంది. ఒకరోజు పొద్దున లేచేసరికి ఉండదు. దాహం ఎక్కువగా వేస్తుందా?”

“క్యాబిన్ల ఉడుకకు రోజు రెండు క్యాన్లు తాగుత.”

డాక్టరుగారు పెట్టె తెరిచి వేలి మీద సూదితో పొడిచారు. యంత్రం మూడువందల నలభై చూపించింది. ఎప్పుడూ సమాధానం సిద్ధంగా ఉండే నారయ్య, “జర నాకు గూడ చూడుండ్రి సార్” అని వేలు చాపాడు.

శ్రీలేఖ కళ్ళనిండా నీళ్ళతో, “తప్పు నాది సార్. రేపటి నుంచి రానవసరం లేదంటే వెళ్ళిపోతాను” అంది.

డాక్టరుగారు ఫ్లెక్సీ మూలనున్న రెండు సన్నటి చుక్కలను వేలితో చూపించారు. “చూడు. ఈ రెండూ నువ్వు నాకు ఫోన్లో పంపితే కనిపించేవి కావు. నేనైతే తొమ్మిదే లెక్కపెట్టి, ఆర్నెల్ల తర్వాత రమ్మనేవాణ్ణి. ఈ పిల్లలు పదకొండు పట్టారు. మంచాల్లో ఇంత పెద్ద స్కానింగు ఇంకెక్కడ దొరుకుతుంది?” పెట్టె మూస్తూ, “అయినా సరే, సోమవారం నుంచి ఆకాశానికి వేరే కంప్యూటరు వాడు” అన్నారు.

శ్యామలమ్మ కళ్ళు తుడుచుకుని శ్రీలేఖ దగ్గరకొచ్చింది. “అయితె కన్ను బతికే ఉన్నదా?”

“బతికే ఉందండీ.”

“తవ్వుడు లేదు గద?”

“లేదండీ. లేజరు చేస్తారు. హైదరాబాదులోనే.”

“మరి నవ్వుకుంట గట్లెందుకు చెప్తివి బిడ్డా! నా పానం వోయింది” అని ఒక్కటి వీపు మీద వేసి, అదే చేత్తో దగ్గరకు తీసుకుంది. శ్రీలేఖ ఏడుస్తూనే నవ్వింది.

సోమవారమే ఎల్లస్వామికి మొదటి లేజరు చేశారు. నెలలోపు రెండోది. చూపు ఉన్నచోటే నిలిచింది, లైసెన్సూ వచ్చింది. మేస్త్రి బండి వేరొకరికి ఇవ్వలేదు. కంటి లోపలి ఫొటో చూసి మొరానికీ మాంసానికీ తేడా చెప్పగలిగిన డ్రైవరును ఎవరు వదులుకుంటారు? ఎల్లస్వామి ‘రోజుకో ఆకాశం’లో నూట నలభై నాలుగో సభ్యుడయ్యాడు. చంద్రుడి ఫొటో పెట్టిన రోజున యోబు సారు రాసిన దాంట్లో మట్టికి సంబంధించి నాలుగు తప్పులు పట్టాడు.

ఇక ఆ శనివారం బహుమతి సంగతి మిగిలిపోయింది. పరమేశ్వర్ అప్పటికే ప్రకటించేశారు. మూడు వందల మంది చప్పట్లు కొట్టేశారు. వెనక్కి తీసుకుంటే ఏడో తరగతి ఊరుకునేలా లేదు. అచ్చువేయించిన సర్టిఫికెట్ తెచ్చి యోబు సారు ముందు పెట్టారు. పిల్లల పేర్లు, తరగతి, తేదీ అన్నీ నింపేశాక ఆయన కలం ఒక్కచోట ఆగింది. కాసేపు ఆలోచించి, ‘గ్రహం పేరు’ అన్న గడిలో ‘ఎల్లస్వామి, కుడికన్ను’ అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టారు.